కంభం చెరువు కుక్కపిల్ల

మే నెల మొదటి ఆదివారం చర్చి నుంచి ఇంటికి కూడా పోకుండా నేరుగా కంభం చెరువుకు బయలుదేరాం. ముందు పాత బొలేరో, దాని వెనక మా ఆయన ఆనంద్ బాబు తన వెల్డింగ్ షాపులో చేసిన ట్రైలర్ ఇల్లు. గుంటూరు నుంచి ఎవరో ఒకాయన ముచ్చటపడి చేయించుకుని, తీసుకుపోవడానికి మాత్రం రాలేదు. రేకు గోడలు, రెండు కిటికీలు, మడిచిపెట్టే మంచాలు, చిన్న గ్యాస్ పొయ్యి, పైన నీళ్ల ట్యాంకు. రెండేళ్లుగా షాపు వెనక దుమ్ము కొట్టుకుని పడి ఉన్నదానికి ఆయన రంగు వేసి, కొత్త టైర్లు బిగించి, "ఈ సెలవులు దీంట్లోనే. చెరువు కనపడిన చోటల్లా ఆగుదాం" అన్నాడు.

మా పెళ్లయి అప్పటికి మూడు నెలలు. ఆయనకది రెండో పెళ్లి. మొదటి భార్య జ్వరమని పడుకుని వారం తిరక్కుండా పోయిందట. కూతురు ఫెబీకి పదేళ్లు. మార్కాపురంలో ఆ ఇంట్లో నేను ఏ గిన్నె ముట్టుకున్నా ఆ పిల్ల నా చేతివంకే చూసేది. నోరు తెరిచి ఒక్క మాట అనేది కాదు. నన్ను ఏమనీ పిలిచేది కూడా కాదు. దాని మాటలన్నీ సీజర్‌తోనే. సీజర్ అంటే ఫెబీ వాళ్లమ్మ పెంచిన ముసలి కుక్క. ఈ ప్రయాణం ఎందుకు పెట్టాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ట్రైలర్లో అయితే ముగ్గురం ఒకేసారి అడుగుపెట్టినవాళ్లం.

చెరువు కట్ట దగ్గర చిన్న పార్కు ఉంది. నాలుగు సిమెంటు బల్లలు, రెండు ఉయ్యాలలు, ఒక కుళాయి. పార్కు ఊడ్చే కాశమ్మ వేపచెట్టు నీడ చూపించి అక్కడ బండి పెట్టుకోమంది. ఆ ఏడు చెరువులో నీళ్లు బాగానే ఉన్నాయి. పొద్దున కొండల మీద నుంచి ఎండ దిగేసరికి మా కిటికీ నిండా నీళ్లే కనపడేవి.

రెండోరోజు ఫెబీ గౌను ఒడిలో ఏదో మూట కట్టుకుని నా దగ్గరికి వచ్చింది. విప్పితే గోధుమరంగు కుక్కపిల్ల. చెవి మీద చిన్న గాయం ఎండిపోయి ఉంది.

"కట్ట మెట్ల కింద ఉండె. దీనికి ఎవరూ లేరు" అంది. దాన్ని గుండెకు హత్తుకుని, "నాయన ఒద్దంటాడు. నువ్వు చెప్పవా పిన్నీ?" అంది.

పిన్నీ. మూడు నెలల్లో మొదటిసారి. ఆ పిలుపు కోసం ఆరోజు అది ఏమడిగినా నేను ఒప్పుకునేదాన్ని.

ఆయన నిజంగానే వద్దన్నాడు. "రోడ్డు మీది కుక్కను తెచ్చి పిల్ల పక్కన పండబెడతారా? ఏ రోగముందో ఏమో."

"పసిది కదండీ. సెలవులయ్యేదాకా ఉండనీయండి. ఊరికి పోయినాక సూది ఏపిద్దాం" అన్నాను.

"నీ మాట మీద ఉంచుతాండా. పిచ్చి వేషాలు ఏస్తే మాత్రం కట్ట మీద ఒదిలేస్తా."

ఫెబీ దానికి లడ్డు అని పేరు పెట్టింది. మా వెంట వచ్చిన సీజర్ ఒక్కటే దాని దగ్గరికి రాలేదు. లడ్డు ఎటు పోతే దానికి ఎదురువైపు పోయి పడుకునేది. ముసలిదానికి కుళ్లు అనుకుని నవ్వుకున్నాం.

శుక్రవారం పొద్దున లడ్డు పాలు ముట్టలేదు. ట్రైలర్ చక్రాల మధ్య దూరి, ఎవరు పిలిచినా రాలేదు. ఎండ ముదురుతోంది, రేకు కింద మాడిపోతుందని నేను చెయ్యి పెట్టి లాగబోయాను. అది అరవలేదు, గుర్రుమనలేదు. గబుక్కున కరిచి వదిలేసింది. బొటనవేలి మొదట్లో రెండు చుక్కలు, కాస్త రక్తం. కుళాయి కింద కడిగి, పసుపు అద్ది గుడ్డపీలిక చుట్టుకున్నాను.

"చేతికి ఏంది?" అన్నాడు ఆయన అన్నం దగ్గర.

"రేకు గీరుకుంది."

ఎందుకు అలా అన్నానో నాకు బాగా తెలుసు. కరిచిందంటే ఆయన దాన్ని ఆ పూటే కట్ట మీద వదిలేస్తాడు. ఫెబీ మళ్లీ నోరు మూసుకుంటుంది. చిన్న కుక్కపిల్ల, రెండు పంటి చుక్కలు. ఈపాటి దానికి ఎందుకు రభస అనుకున్నాను. ఫెబీ అప్పుడు ట్రైలర్ మెట్టు మీద కూర్చుని ఉంది. నావంక చూసి తల దించుకుని అన్నం కలుపుకుంది.

శనివారానికి లడ్డు గొంతు మారిపోయింది. అరిస్తే బొంగురుగా, ఎవరిదో గొంతులా వచ్చేది. నోటి వెంట చొంగ. వెనక కాళ్లు ఈడుస్తూ నాలుగడుగులు వేసి పడిపోయేది. ఫెబీని దగ్గరికి పోనివ్వలేదు ఆయన. సోమవారం పొద్దున చూస్తే వేపచెట్టు వేళ్ల మధ్య కట్టెలా బిగుసుకుపోయి పడి ఉంది. "వడదెబ్బ" అన్నాడు ఆయన. గోనెసంచిలో చుట్టి కట్ట అవతల పూడ్చి వచ్చాడు. ఫెబీ ఏడవలేదు. అది నాకు అప్పుడే వింతగా అనిపించింది.

మధ్యాహ్నం కాశమ్మ చీపురు పక్కన పెట్టి నా దగ్గర కూర్చుంది.

"చచ్చిపోయిందంట గదా పాపా, ఆ కుక్కపిల్ల?"

"వడదెబ్బ తగిలింది అత్తా."

"వడదెబ్బ కాదులే. మీరు రాకముందు ఒక పిచ్చికుక్క తిరిగినాది ఈ కట్ట మీద. మెట్ల కాడ పిల్లలను పెట్టిన తల్లికుక్కను కరిచింది, పిల్లలను కరిచింది. మా బావోళ్ల దూడను కూడా కరిచింది. మొన్న చచ్చింది ఆ దూడ. తొట్టిలో నీళ్లు చూస్తే చాలు, ఒణికిపోయేది." లేవబోతూ అడిగింది, "మిమ్మల్నెవరినీ కరవలేదు గదా?"

"లేదత్తా" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎంత తొందరగా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తే. అప్పుడే చెప్పి ఉంటే మూడు కిలోమీటర్ల లోపు ఆస్పత్రి ఉంది. కానీ ముందొక అబద్ధం ఆడాను కదా. ఇప్పుడు నిజం చెప్పాలంటే ఆ అబద్ధం కూడా చెప్పాలి. పైగా కుక్కను ఉంచింది నా మాట మీద. ఆ బిడ్డ పక్కన దాన్ని పండబెట్టింది నేను. ఒక భార్యను పూడ్చిపెట్టి వచ్చిన మనిషికి మూడు నెలలకే ఈ మాట ఎట్లా చెప్పడం?

ట్రైలర్ వెనక్కి పోయి ఫోన్లో వెతికాను. నీళ్లంటే భయం. గాలి తగిలినా భయం. గొంతు పట్టేస్తుంది. లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. ఆ చివరి ముక్క దగ్గర ఫోన్ ఆపేశాను. సూది ఎప్పటిలోపు వేయించుకోవచ్చో ఆ కిందనే రాసి ఉంటుంది. అంతదాకా చదవలేదు. గడువు దాటిపోయిందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

మర్నాడు యర్రగొండపాలెం దాటి అడవి అంచున ఉన్న చిన్న చెరువుకు బండి మార్చాం. దారి పొడవునా నేను బొలేరో అద్దం ఎత్తే ఉంచాను.

"ఈ ఉడకలో అద్దం ఎందుకు ఎత్తినావు?" అన్నాడు ఆయన.

"దుమ్ము" అన్నాను. గాలి మొహానికి కొడితే ఏమవుతుందో చూసుకునే ధైర్యం లేదు. వెనక సీట్లో ఫెబీ కూడా తన అద్దం ఎత్తుకుంది. నన్ను చూసి చేస్తోందిలే అనుకున్నాను.

కొత్త చెరువు దగ్గర జనం లేరు. గట్టు మీద రెండు రేకుల పందిళ్లు, పిల్లల జారుడుబల్ల ఒకటి, చుట్టూ తీగ కంచె. ఫారెస్టు గార్డు ఒకతను బైకు మీద వచ్చి, "పొద్దుగూకినాక కుక్కను బయట కట్టెయ్యొద్దు అన్నా. చిరుత దిగతాంది నీళ్లకు. కుక్కంటే దానికి ప్రాణం" అని చెప్పిపోయాడు. ఆరోజు నుంచి ఆనంద్ బాబు సాయంత్రం అయ్యేసరికి సీజర్‌ను లోపలికి తోసి, తలుపు గడియ రెండుసార్లు చూసేవాడు. ఆయన భయం అడవివైపు ఉంది. నా భయం నా గొంతులో ఉంది.

రోజూ పొద్దున లేవగానే నాదొకటే పని. స్టీలు గ్లాసులో నీళ్లు ముంచుకుని, ఎవరూ చూడకుండా ట్రైలర్ వెనక్కి పోయేదాన్ని. గ్లాసులోకి చూసేదాన్ని. ఏమీ అనిపించేది కాదు. కళ్లు మూసుకుని ఒక్క గుక్క మింగి ఆగేదాన్ని. దిగిందా? దిగింది. ఇంకో గుక్క. అప్పుడు పోయి పొయ్యి వెలిగించేదాన్ని. మళ్లీ మధ్యాహ్నానికి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉండేది. భయానికే అలా ఉంటుందని తెలియదు. ప్రార్థన చేద్దామని మోకాళ్ల మీద కూర్చుంటే, ప్రభువా అన్న తర్వాత మాట వచ్చేది కాదు. నేను అబద్ధం ఆడింది ప్రభువుకూ తెలుసు కదా.

చేతి మీద చుక్కలు మానిపోయాయి. గోరు పెట్టి గిల్లితే తప్ప కనపడేవి కావు. ఆనంద్ బాబు పక్కన కూర్చుని జోకులు చెప్పేవాడు. "ఏంది స్టెల్లా, చెరువు గట్టుకు తెస్తే చిక్కిపోతాండావు? అడవి పడలేదా?" అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఆయన తాగిన గ్లాసు నేను ముట్టేదాన్ని కాదు. నా ప్లేటు విడిగా కడుక్కునేదాన్ని. ఫెబీ తల దువ్వమని దువ్వెన పట్టుకుని వస్తే, దాని తలకు నా చెయ్యి తగులుతుందేమోనని తలనొప్పి అని తప్పించుకున్నాను. దువ్వెన పట్టుకుని అది కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత వెళ్లిపోయింది. ఆ ముందు వారం అయితే ఆ దువ్వెన కోసం నేను ప్రాణం ఇచ్చేదాన్ని.

కరిచిన తొమ్మిదో రోజు అది. ఆదివారం. సెల్లు సిగ్నల్ లేక చర్చి వీడియో కూడా రాలేదు. ఆనంద్ బాబు ట్రైలర్ కొక్కెం వదులైందని దాని కింద పడుకుని బిగిస్తున్నాడు. ఎండ నడినెత్తిన ఉంది. నేను పందిరి కింద బియ్యం ఏరుతున్నాను. ఫెబీ లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చుకుని, జారుడుబల్ల అవతల నిలబడింది. నేను కనపడటం లేదనుకుంది.

గ్లాసులోకి చూసింది. చాలాసేపు చూసింది. కళ్లు గట్టిగా మూసుకుని ఒక్క గుక్క తాగింది. ఆగింది. చెయ్యి గొంతు మీద పెట్టుకుంది. కళ్లు తెరిచి, ఇంకో గుక్క తాగింది.

చేట నా ఒళ్లోంచి ఎప్పుడు జారిందో తెలియదు. బియ్యం అంతా నేల మీద ఉంది.

దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాను. "ఎక్కడ కరిచింది ఫెబీ?"

అది వెనక్కి జరిగింది. "ఎవురు?"

"లడ్డు."

పెదవులు బిగబట్టింది. తర్వాత మెల్లగా ఎడమకాలి పట్టీ పైకి జరిపింది. చీలమండ మీద పాత బ్యాండేజీ ప్లాస్టరు, అంచులు మట్టిపట్టి. తీసి చూస్తే మూడు గాట్లు. ఒకటి ఇంకా ఎర్రగానే ఉంది.

"ఎప్పుడు?"

"నీకు కరిచిన రోజే. నీ తర్వాత."

"నాకు కరిచింది నీకు తెలుసా?"

"చూసినా. నువ్వు రేకు గీరుకుందన్నావు గదా నాయనకు." పాఠం ఒప్పచెప్పినట్టు చెప్పింది. "నువ్వు చెప్పలే. అందుకే నేనూ చెప్పలే. ముల్లు గుచ్చుకుందని చెప్దామనుకున్యా. నాయన అడగనే లేదు." గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "మా సైన్స్ టీచరు చెప్పింది, నీళ్లు చూస్తే భయమైతాదని. నాకింకా కాలేదు పిన్నీ. నీకు అయినాదా?"

ఆ బిడ్డ ఇన్ని రోజులుగా ఒంటరిగా ఆ గ్లాసు పట్టుకుని నిలబడింది. నా కళ్ల ముందే. నాకు నా గ్లాసు తప్ప ఇంకేమీ కనపడలేదు.

"కాలేదు" అన్నాను. "ఇద్దరికీ కాలేదు. రా."

ట్రైలర్ దగ్గరికి పోయి, బయటికి చాచి ఉన్న ఆయన కాళ్ల దగ్గర నిలబడ్డాను. ఆయన మొహం చూస్తూ చెప్పలేనేమోనని అక్కడే మొదలుపెట్టాను. కుక్కపిల్లకు పిచ్చి ఉందని, నన్ను కరిచిందని, రేకు కాదని, ఫెబీని కూడా కరిచిందని. లోపల స్పానరు చప్పుడు ఆగిపోయింది. ఆయన బయటికి వచ్చి ఫెబీ కాలు చూశాడు, నా చెయ్యి చూశాడు. కొక్కెం సగం బిగించినదాన్ని విప్పేసి, ట్రైలర్‌ను అక్కడే వదిలేశాడు. సీజర్‌ను వెనక ఎక్కించాడు. తలుపుకు తాళం కూడా వేయలేదు.

నేరుగా మార్కాపురం ఆస్పత్రికే పోనిచ్చాడు. అద్దాలు దించే ఉన్నాయి. గాలి మొహానికి కొడుతోంది. ఫెబీ నా ఒళ్లో కూర్చుని, గాలి తగిలిన ప్రతిసారీ తలెత్తి నా మొహం చూస్తోంది. నేను దాని మొహం చూస్తున్నాను. ఒకచోట ఆయన బండి పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

"ఇద్దరూ ఒకటై నన్ను బయట పెట్టినారు గదా" అన్నాడు.

మళ్లీ స్టార్ట్ చేశాడు.

ఆస్పత్రిలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. గట్టిగా తిడుతుందనుకున్నాను. ముందు మా ఇద్దరి గాయాలూ సబ్బు పెట్టి తనే కడిగింది, పావుగంట సేపు, మానిపోయిన నా చేతిని కూడా. "తొమ్మిది రోజులా?" అని ఒకసారి మాత్రం అంది. "ఆలస్యమైనా ఏస్కోవాల్సిందే. ఆలస్యమైందని రాకుండా ఉండేవాళ్లే చచ్చిపోయేది." టీకా వేసి, సీరం సూది కోసం పెద్దాస్పత్రికి చీటీ రాసింది. సాయంత్రానికి అక్కడ ఫెబీ చీలమండలో, గాయం చుట్టూరా సూది గుచ్చుతుంటే అది నా మెడ పట్టుకుని నా చెవిలో అరిచింది. తర్వాత నా బొటనవేలికి. నేను అరవకుండా ఉందామనుకున్నాను. కుదరలేదు. చచ్చిన కుక్కను ఎత్తినందుకు ఆనంద్ బాబుకు కూడా టీకా వేశారు.

"ఇంక భయం లేదు గదమ్మా?" అన్నాడు ఆయన మొదటి డాక్టరమ్మతో, మూడో రోజు సూదికి పోయినప్పుడు.

ఆమె అబద్ధం ఆడలేదు. "చాలావరకు లేదు. సూదులు ఒక్కటి కూడా తప్పియ్యొద్దు. కొన్ని నెలలు కనిపెట్టుకుని ఉండండి. ఏ చిన్న తేడా వచ్చినా దాచిపెట్టకుండా రండి."

ట్రైలర్‌ను ఆయన స్నేహితుడెవరో లాక్కొచ్చి షాపు వెనక పెట్టాడు. సీజర్‌కు ప్రతి ఏడూ టీకా ఉన్నా, పశువుల డాక్టరు ఇంకోటి వేసి, నెలన్నర పాటు పిల్లకు దూరంగా కట్టేసి చూడమన్నాడు. సీజర్ పక్కన లేకుండా ఫెబీకి నిద్ర పట్టదు. మొదటి రాత్రి చాప చంకన పెట్టుకుని మా గది గుమ్మంలో నిలబడింది. ఆనంద్ బాబు లేచి పోయి హాల్లో పడుకున్నాడు. నాతో ఆయన మామూలుగా మాట్లాడటానికి ఆ నెలంతా పట్టింది. కోపం అని నేననుకున్నాను. ఒకరోజు సూది వేయించుకుని వస్తూ ఆటోలో నా చెయ్యి పట్టుకుని, ఆ చుక్కలు ఉన్నచోట వేలితో తడిమి చూస్తుంటే తెలిసింది, అది కోపం కాదని.

ఇప్పటికి రెండేళ్లయింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. కానీ ఆ ఏడు ఆగస్టులో మాకు ఆ సంగతి తెలియదు.

వాన పడుతున్న మధ్యాహ్నం స్కూలు నుంచి ఫెబీని ఎవరో టీచరు ఇంటికి తెచ్చి దింపింది. ఒళ్లు కాలిపోతోంది. సంచి గుమ్మంలోనే వదిలేసి, గోడకు ఆనుకుని నావంక చూసింది.

"పిన్నీ, ఇది అదేనా?"

కాదమ్మా, ఏం కాదు అనబోయాను. నోటి దాకా వచ్చింది.

"నాకు తెలీదు ఫెబీ" అన్నాను. "ఇప్పుడే పోయి చూపిచ్చుకుందాం."

"నీకు భయమైతాందా?"

"అయితాంది."

"నాకూ" అంది. చెయ్యి చాచింది.

గొడుగు కింద ఇద్దరం ఆటో స్టాండు దాకా నడిచాం. ఆస్పత్రిలో అదే డాక్టరమ్మ. దాని చేత నీళ్లు తాగించింది, మొహం మీద ఊది చూసింది, కళ్లలోకి లైటు వేసి చూసింది, రక్తం పంపించింది. గంటన్నర బల్ల మీద కూర్చున్నాం. ఫెబీ తల నా భుజం మీద నిప్పులా ఉంది. నేను డాక్టరమ్మ తలుపు వంకే చూస్తుంటే అది తన చెయ్యి నా మోకాలి మీద పెట్టింది. కాగితం వచ్చింది. డాక్టరమ్మ చదివి, "టైఫాయిడ్. రెండు వారాల మందులు. అంతే" అంది. ఆ చివరి మాట మళ్లీ అంది, నా మొహం చూసి.

బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. వాన ఇంకా పడుతూనే ఉంది. నాకు లేవాలనిపించలేదు, ఏడవాలనిపించలేదు. ఫెబీ నా పక్కన కూర్చుని, మందుల కవరు ఒళ్లో పెట్టుకుంది.

"నాయనకు ఫోన్ చెయ్ పిన్నీ" అంది. "మళ్లీ దాచిపెట్టినామనుకుంటాడు."

చేశాను. సగం రింగు కూడా పడకముందే ఆయన ఎత్తాడు.